లైబ్రరీ గదిని ఫౌండేషన్ క్లాసుకి ఇచ్చేస్తారట. మేనేజ్‌మెంట్‌కి ఎలా చెప్పాలి?

బీరువా_తాళాలు
ఉప్పల్ వైపు ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో 11 ఏళ్లుగా లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. మొన్న శనివారం స్టాఫ్ మీటింగ్‌లో మా కరస్పాండెంట్ గారు అన్న మాట ఇది: "వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్ ఇంకో సెక్షన్ పెరుగుతోంది. గది లేదు. లైబ్రరీ ఎలాగూ ఖాళీగానే ఉంటోంది. పుస్తకాలు కారిడార్‌లో బీరువాల్లో సర్దించండి." అందరూ నా వైపు చూశారు. నాకు నోట మాట రాలేదు.

గది ఖాళీగా ఉంటున్న మాట నిజమే. ఎందుకు ఉంటోంది? వారానికి నాకు 14 సబ్‌స్టిట్యూషన్లు (రాని టీచర్ల బదులు క్లాసులు) పడుతున్నాయి. జూన్, జూలై ఫీజు కౌంటర్‌లో కూర్చుంటాను. యూనిఫాంల పంపిణీ నాదే. సాయంత్రం బస్ డ్యూటీ. నేను లేనంతసేపూ గదికి తాళం. తాళం వేసిన గది ఖాళీగా కాక ఎలా ఉంటుంది?

ఆయన చెడ్డమనిషి కాదు. జీతాలు ఎప్పుడూ ఆపలేదు. ఆయన దృష్టిలో లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి, తీసుకుని, స్టాంపు వేసే మనిషి. అంతకు మించి నేను చేసే పని ఆయన ఎప్పుడూ చూడలేదు. వచ్చే నెల 2న 15 నిమిషాలు మాట్లాడటానికి టైం ఇచ్చారు. ఏం చెప్పాలి, ఏం చూపించాలి? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి.

కోడింగ్_నాన్న
బాధపెట్టాలని కాదు మేడం, పేరెంట్‌గా ఉన్నమాట చెబుతున్నా. మావాడు 7వ తరగతి. వాడికి ఏం కావాలన్నా ట్యాబ్‌లో దొరుకుతోంది. ఏఐని అడిగితే పేజీలకు పేజీలు రాసిస్తోంది. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు నేను ల్యాబ్‌లు చూశాను, గ్రౌండ్ చూశాను, రిజల్ట్స్ అడిగాను. లైబ్రరీ గురించి అడగలేదు. మీ కరస్పాండెంట్ గారి లెక్కలో ఉండేది నాలాంటి పేరెంట్సే కదా.

ఇద్దరు_పిల్లల_అమ్మ
నేను అడిగాను. చూపించారు కూడా. అద్దాల బీరువాలు, లోపల తళతళలాడే ఎన్‌సైక్లోపీడియాలు. తర్వాత మూడేళ్లలో మా పాప ఇంటికి ఒక్క పుస్తకం తేలేదు. ఎందుకే అంటే "చింపుతామని ఇవ్వరమ్మా" అంది. ఆ గది పోయినా మా పాపకి తేడా తెలియదు. బీరువా_తాళాలు మేడం, మీ స్కూల్లో పిల్లలు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్తారా? ముందు అది చెప్పండి.

బీరువా_తాళాలు
తీసుకెళ్తారండి. 3వ తరగతి నుంచి ఇస్తాను. గది తెరిచి ఉన్న రోజున.

పాత_లైబ్రేరియన్
కేంద్ర ప్రభుత్వ స్కూళ్లలో 31 ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను.

"చింపుతారని ఇవ్వరు" అన్నది చాలా చోట్ల లైబ్రేరియన్ పిసినారితనం కాదమ్మా, భయం. స్టాక్ వెరిఫికేషన్‌లో నాలుగు పుస్తకాలు తగ్గితే జీతంలో కోసే మేనేజ్‌మెంట్లున్నాయి. అలాంటి చోట ఎవరైనా తాళమే వేస్తారు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ రూల్ చూడండి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వాళ్లు చూసిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోతే అది సహజమైన నష్టమే అంటుంది, నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు. ప్రైవేటు స్కూలుకి ఇది వర్తించదు. అయినా మేనేజ్‌మెంట్ ముందు పెట్టడానికి పనికొచ్చే కాగితం. దీనికంటే ముందున్న రూల్స్‌లోనూ ఈ మాట ఉండేది. నేను చేరిన ప్రతి స్కూల్లో మొదటి వారంలోనే ఆ పేజీ జిరాక్స్ తీసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టేవాణ్ణి. ఆ తర్వాతే బీరువాలు తెరిచేవాణ్ణి.

ఇక మీ 15 నిమిషాలు. మన దేశంలో లైబ్రరీ సైన్స్ పితామహుడు రంగనాథన్ గారి అయిదు సూత్రాలతో మొదలుపెట్టకండి. 1931లో ఆయన రాసినవి మనకి ప్రాణం. మీ కరస్పాండెంట్ గారికి మాత్రం అవి గోడ మీద పటం. ఆయన పడుతున్న ఇబ్బంది ఏమిటో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

అఫిలియేషన్_ఫైల్
దీనికి ఇంత చర్చ ఎందుకు? సీబీఎస్‌ఈ అఫిలియేషన్ నిబంధనల్లో లైబ్రరీ గది 14 మీటర్లు × 8 మీటర్లు ఉండాలని రాసి ఉంది. పాఠ్యపుస్తకాలు కాకుండా తలకి 5 పుస్తకాలు, మొదట్లోనే కనీసం 1500 ఉండాలని ఉంది. కారిడార్‌లో బీరువాలు పెడితే ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూపిస్తారు? ఆ పేజీ ప్రింటు తీసి ఇవ్వండి. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా పాప స్కూల్లో జరిగింది సరిగ్గా అదే అఫిలియేషన్_ఫైల్ గారూ. నిబంధన ప్రకారం గది ఉంది, పుస్తకాలు ఉన్నాయి, లైబ్రేరియన్ పేరు రిజిస్టర్‌లో ఉంది. ఇన్‌స్పెక్షన్ రోజు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి చేతికి తలా ఒక పుస్తకం ఇచ్చారట. మా పాపకి వచ్చింది తలకిందులుగా పట్టుకుని కూర్చుందట, ఎవరూ గమనించలేదట. భయపెడితే గది మిగులుతుంది, లైబ్రరీ మిగలదు.

అఫిలియేషన్_ఫైల్
గది మిగిలితేనే కదండీ తర్వాత లైబ్రరీ సంగతి.

ప్రిన్సిపాల్_16ఏళ్లు
కూకట్‌పల్లి వైపు స్కూల్లో ప్రిన్సిపాల్‌ని. మేనేజ్‌మెంట్‌కి, స్టాఫ్‌కి మధ్య కూర్చునేదాన్ని కాబట్టి రెండు వైపులా తెలిసినంత చెబుతాను.

ఒక సెక్షన్ అంటే 40 మంది పిల్లలు, వాళ్ల ఫీజులు. కరస్పాండెంట్ ఆ గదిని చూసినప్పుడు మొదట కనపడేది ఆ లెక్కే. ఆయన్ని తప్పుపట్టలేను, బిల్డింగ్ ఈఎంఐ కట్టేది ఆయన. లెక్కల మాస్టారి పని యూనిట్ టెస్ట్ మార్కుల్లో కనిపిస్తుంది. పీఈటీ సార్ పని కప్పుల్లో కనిపిస్తుంది. మీ పని ఎందులో కనిపిస్తోంది మేడం? మా లైబ్రేరియన్ ఏళ్లపాటు నా గదికి వచ్చింది రెండు సందర్భాల్లోనే. కొత్త పుస్తకాలు కొనాలని లిస్టు పట్టుకుని ఒకసారి, ఫ్యాన్ తిరగడం లేదని ఒకసారి. నాకు ఆవిడ ఖర్చుగానే కనిపించింది. అది నా తప్పు కూడా. నేనొక్కసారైనా వెళ్లి ఆ గదిలో ఒక పీరియడ్ పూర్తిగా కూర్చోలేదు.

ఒకరోజు ఏదో ఫైలు కోసం వెళ్లాను. 5వ తరగతి వాళ్లకి ఆవిడ ఒక కథ చదివి వినిపిస్తోంది. చివరి పేజీకి ముందు ఆపి "ఇప్పుడేమవుతుంది?" అంది. క్లాసులో ఎప్పుడూ చెయ్యి ఎత్తని పిల్లలు ముగ్గురు చేతులెత్తారు. ఆ పిల్లలు నాకు పేర్లతో సహా తెలుసు, ఎందుకంటే టీచర్లు వాళ్ల మీద నాకు కంప్లయింట్లు తెచ్చేవాళ్లు. ఆ రోజు నుంచి ఆవిడకి సబ్‌స్టిట్యూషన్ వేయడం తగ్గించాను.

నా సలహా: నెలకి ఒక పేజీ రిపోర్ట్. ఏ క్లాసుకి ఎన్ని పుస్తకాలు వెళ్లాయి, ఏ టీచర్‌తో కలిసి ఏం చేశారు, ఏ పిల్లవాడిలో ఏం మారింది. ఒకే పేజీ, రెండో పేజీ ఎవరూ తిప్పరు. దాంతోపాటు ఆయన్ని పిలిచి ఒక పీరియడ్ కూర్చోబెట్టండి.

పాత_లైబ్రేరియన్
ప్రిన్సిపాల్ మేడంతో సగం ఏకీభవిస్తాను. "ఎన్ని పుస్తకాలు వెళ్లాయి" అన్న లెక్క దగ్గరే నాకు పేచీ. ఒక స్కూల్లో మాకు క్లాసువారీగా ఇష్యూ టార్గెట్ పెట్టారు. ఏమైంది? పిల్లలు సన్నపాటి పుస్తకాలు ఏరుకుని తీసుకెళ్లి, మర్నాడు పొద్దున్నే తెచ్చి పడేసేవారు. రిజిస్టర్ నిండిపోయింది, ఒక్కడూ చదవలేదు. ఆ రెండేళ్లు నా సర్వీసులో దండగైన ఏళ్లు. అంకె ఒకసారి పైకి వెళ్లిందంటే వచ్చే నెల ఇంకా పెంచమంటారు.

ప్రిన్సిపాల్_16ఏళ్లు
నిజమే సార్, టార్గెట్ పెడితే ఏదైనా అలాగే అవుతుంది. కానీ అంకె లేకుండా వెళ్తే మేనేజ్‌మెంట్ వినదు. టార్గెట్ వేరు, రికార్డు వేరు.

డేటా_దుర్గ
అంకె కావాలంటే ఒకటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 1993లో కీత్ కరీ లాన్స్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. స్కూల్ లైబ్రరీలో సిబ్బంది, పుస్తకాలు బాగా ఉన్నచోట పిల్లల రీడింగ్ స్కోర్లు మెరుగ్గా ఉన్నట్టు అందులో తేలింది. తర్వాత ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో అదే పద్ధతిలో చేశారు. అక్కడి స్కూల్ లైబ్రేరియన్లు బడ్జెట్ కోతలప్పుడు బోర్డుల ముందు పెట్టేది ఎక్కువగా ఈ వరస అధ్యయనాలనే.

కోడింగ్_నాన్న
డబ్బున్న స్కూల్లో లైబ్రేరియన్ ఉంటాడు, డబ్బున్న ఇంటి పిల్లలకి మార్కులూ వస్తాయి. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాని వల్ల ఇంకోటి వచ్చినట్టు కాదు.

డేటా_దుర్గ
ఆ అనుమానం వాళ్లకీ వచ్చింది. అందుకే ఆ ప్రాంతంలో పేదరికం, పెద్దల చదువు లాంటివి లెక్కలోకి తీసుకుని చూశారు. అప్పటికీ ఆ సంబంధం నిలబడింది. మీరన్నట్టు ఇది కారణాన్ని పూర్తిగా నిరూపించదు, అది నేనూ ఒప్పుకుంటాను. కొట్టిపారేయదగ్గది మాత్రం కాదు.

లెక్కల_మాస్టారు
కొలరాడో సంగతి ఉప్పల్‌లో ఎవరికి కావాలమ్మా. నా క్లాసు సంగతి చెబుతాను వినండి.

8వ తరగతికి లెక్కలు చెబుతాను. కూడికలు, సమీకరణాలు ఇస్తే మావాళ్లు టకటకా చేస్తారు. అదే లెక్క నాలుగు వాక్యాల్లో ఇస్తే చేతులెత్తేస్తారు. "రాము దగ్గర 20 గోళీలున్నాయి. అవి శ్యాం గోళీల కంటే 5 తక్కువ. శ్యాం దగ్గర ఎన్ని?" సగం మంది 15 అని రాశారు. తక్కువ అన్న మాట కనపడగానే తీసేశారు. ఎవరి కంటే ఎవరికి తక్కువో చదవలేదు. వాళ్లకి రానిది లెక్క కాదు, చదవడం. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

మా స్కూల్ లైబ్రేరియన్‌ని అడిగాను. ఆవిడ వారానికి ఒక పీరియడ్ తీసుకుని చిన్న చిన్న పొడుపుకథలు, డిటెక్టివ్ కథలు చదివించి, "ఇది ఎవరన్నారు, ఎవరితో అన్నారు, నీకెలా తెలుసు" అని అడగడం మొదలుపెట్టింది. మూడు నెలల తర్వాత నా పిల్లలు లెక్కని రెండోసారి చదవడం మొదలుపెట్టారు. మార్కులు అమాంతం పెరిగాయని అబద్ధం చెప్పను. రెండోసారి చదువుతున్నారు, నాకు అది చాలు. ఫౌండేషన్ సెక్షన్ కోసం లైబ్రరీ తీసేసే కరస్పాండెంట్ గారికి ఎవరైనా ఈ మాట చెప్పాలి. ఫౌండేషన్ పేపర్లో ప్రశ్నలు ఒక్కోటి అయిదు వాక్యాలుంటాయి.

బీరువా_తాళాలు
మాస్టారూ, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. మా లెక్కల సార్‌తో రేపే మాట్లాడతాను.

కోడింగ్_నాన్న గారికి. కిందటేడు మా 7వ తరగతి పిల్లలకి 1908 మూసీ వరదల మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. చార్టులు తెచ్చారు, అందంగా ఉన్నాయి. 22 చార్టుల్లో ఒకటే వాక్యం: ఆ వరదల తర్వాత హుస్సేన్ సాగర్ కట్టారు అని. ఎక్కడిదంటే నెట్‌లో ఉంది మేడం అన్నారు. హుస్సేన్ సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, 1562లో కట్టింది. వరదల తర్వాత కట్టినవి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. నేను తప్పని చెప్పలేదు. రెండు పుస్తకాలు, ఒక పాత పేపర్ కటింగ్ టేబుల్ మీద పెట్టి, మూడింట్లో ఏది కలుస్తోందో, ఏది కలవడం లేదో పెన్సిల్‌తో రాయమన్నాను. 20 నిమిషాలు పట్టింది. ఒక అమ్మాయి గట్టిగా "అయ్యో, చెరువు ముందే ఉంది మేడం!" అని అరిచింది. తర్వాత ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల కథ దొరికింది, క్లాసంతా దాని చుట్టూ మూగింది. మీవాడికి ఏఐ పేజీలు రాసిస్తుంది సార్. ఆ పేజీలో ఏది నమ్మాలో వాడికి ఎవరు నేర్పుతున్నారు?

కోడింగ్_నాన్న
మావాడి కిందటి ప్రాజెక్ట్ తీసి చూశాను. గోల్కొండ మీద. రెండు తప్పులు నాకే కనిపించాయి. నేనే ప్రింటు తీసిచ్చాను దాన్ని. సరే మేడం, ఈ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నా. ఇది పేరెంట్స్‌కి చెప్పండి, పీటీఎం (పేరెంట్-టీచర్ మీటింగ్)లో చెప్పండి. మాకు ఎవరూ చెప్పలేదు.

చిక్కడపల్లి_పాఠకుడు
1901లో కోఠిలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు ఈ ఊళ్లో తెలుగు పుస్తకం చేతికి రావడమే గగనం. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఆసఫియా లైబ్రరీ 1891లోనే మొదలైంది. ఇలాంటి ఊళ్లో ఇవాళ లైబ్రరీ ఎందుకని వాదించుకోవాల్సి వస్తోంది.

ఒక చిన్న ఉపాయం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఎప్పుడెళ్లినా గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కుర్చీ దొరకదు. మీ కరస్పాండెంట్ గారూ ఎక్కడో చదువుకునే ఉంటారు. ఏ లైబ్రరీలో కూర్చున్నారో అడిగి చూడండి. మనిషి కరిగిపోతాడు.

జడ్పీ_తెలుగు_టీచర్
మీ గొడవలన్నీ లైబ్రేరియన్ ఉన్న స్కూళ్లవి. మేడ్చల్ వైపు మా హైస్కూల్లో ఆ పోస్టే లేదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద స్కూల్ స్థాయిని బట్టి 5 వేల నుంచి 20 వేల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది, పుస్తకాలు వస్తాయి. వచ్చిన పుస్తకాలు హెడ్‌మాస్టర్ గదిలో బీరువాలోకి వెళ్తాయి. చదివించే మనిషి లేకపోతే పుస్తకం కట్ట కట్టిన కాగితమే.

ఈ ఏడాది నేను తాళం చెవి 9వ తరగతి అమ్మాయిలు ఇద్దరికి ఇచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట తెరుస్తారు. 200 పేజీల నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఎవరో పుస్తకం పోగొట్టారని వీళ్లే వాళ్లింటికి వెళ్లి వెతికి తెచ్చారు. బాగానే నడుస్తోంది, కానీ వాళ్లు పదో తరగతికి వెళ్తే ఆగిపోతుందని నాకు భయం. నాకు 28 పీరియడ్లు, నేను కూర్చోలేను. ఏ పిల్లకి ఏ పుస్తకం సరిపోతుందో చూసి చేతిలో పెట్టడం పార్ట్‌టైం పని కాదు. మేడం, మీకున్న ఆ పోస్టు పోనివ్వకండి.

పాత_లైబ్రేరియన్
జడ్పీ టీచరమ్మా, ఆ నోట్‌బుక్ జాగ్రత్తగా దాచండి. ఇప్పుడు 7, 8 తరగతుల నుంచి ఇద్దర్ని ఈ అమ్మాయిల పక్కన కూర్చోబెట్టండి. ఆగదు.

బీరువా_తాళాలు మేడం, ఆ నోట్‌బుక్ మాట విని గుర్తొచ్చింది. మీ పుస్తకాల వెనక డేట్ స్లిప్పులు (ఏ తేదీన ఏ నంబరు పిల్లవాడు తీసుకెళ్లాడో రాసే కాగితాలు) అతికించి ఉన్నాయా, లేక అంతా కంప్యూటరేనా?

బీరువా_తాళాలు
రెండూ ఉన్నాయి సార్. కంప్యూటర్ ఫీజు కౌంటర్‌కి తీసుకెళ్తారు కాబట్టి స్లిప్పులు మానలేదు.

పాత_లైబ్రేరియన్
అయితే రిపోర్ట్ తయారుచేసే టెన్షన్ వద్దు. బాగా నలిగిన పుస్తకాలు పది ఏరి, చేతిలో పట్టుకుని వెళ్లండి.

బీరువా_తాళాలు
ఇవాళ 2వ తేదీ. వెళ్లొచ్చాను. అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చిక్కడపల్లి గారి ఉపాయం పారలేదు. "నేను లైబ్రరీకి వెళ్లి ఎరగనమ్మా, సీనియర్ల గైడ్లు చదివి పాసయ్యాను" అన్నారు. నా గొంతు ఎండిపోయింది. నిబంధనల పేజీ ఇస్తే "తెలుసు, ఆ గదిని కాగితం మీద లైబ్రరీగానే ఉంచుతాం" అన్నారు. ఇద్దరు_పిల్లల_అమ్మ గారు చెప్పిందే.

అప్పుడు పుస్తకాలు టేబుల్ మీద పెట్టాను. పైన ఉన్నది పక్షుల పుస్తకం. వీపు ఊడితే రెండుసార్లు గుడ్డ అంటించి కుట్టాను. వెనక డేట్ స్లిప్ మీద స్లిప్, మొత్తం మూడు. ఆయన గోటితో ఒక్కొక్కటి ఎత్తి చూశారు. ఒకే నంబరు 11 సార్లు ఉంది. "ఎవరు ఈ పిల్లవాడు?" అన్నారు. 6-సి అబ్బాయి, ఇంగ్లీష్‌లో వెనకబడ్డాడని కిందటి పీటీఎంలో వాళ్ల నాన్నని పిలిపించారు. మన గేటు దగ్గర వేపచెట్టు మీద టుక్ టుక్ అని కూసేది కంసాలి పిట్ట అని వాచ్‌మన్‌తో సహా స్కూలంతటికీ చెప్పింది వాడే అన్నాను. మొన్న నా దగ్గరికి వచ్చి "మేడం, 598 కాడ ఇంకో పుస్తకం ఉందా?" అన్నాడని చెప్పాను. 598 అంటే ఏమిటని అడిగారు. పక్షుల పుస్తకాలకి మేం వేసే నంబరు, చాలా దేశాల్లో చాలా లైబ్రరీల్లో ఇదే ఉంటుంది, వాడికి వెతుక్కోవడం వచ్చేసింది అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ స్లిప్పు మళ్లీ చూశారు.

ఈలోగా మా లెక్కల సార్ లోపలికి వచ్చారు. నేను పిలవలేదు. గోళీల లెక్క మా పిల్లలకి ఇచ్చి చూశారట, ఆ పేపర్లు తెచ్చారు. 8-బి లో 36 మందికి 21 మంది 15 అని రాశారు. "ఫౌండేషన్‌కి ముందు వీళ్లకి మేడం పీరియడ్ కావాలి సార్" అన్నారు. నేను 15 నిమిషాలు మాట్లాడిన దానికంటే ఆ మాట ఎక్కువ పనిచేసింది.

తేలింది ఇది. ఈ ఏడాదికి గది కదలదు. ఫౌండేషన్ సెక్షన్ మధ్యాహ్నం మూడు రోజులు అదే గదిలో, బీరువాలు తెరిచే ఉంటాయి, నేనూ ఉంటాను. సబ్‌స్టిట్యూషన్లు వారానికి 5కి తగ్గాయి. ఫీజు కౌంటర్ మాత్రం తప్పలేదు. మార్చిలో మళ్లీ మాట్లాడదామన్నారు.

ప్రిన్సిపాల్_16ఏళ్లు
మార్చిలో అడ్మిషన్ల సీజన్ లెక్కలు మొదలవుతాయి, అప్పుడు ఎవరి మాటా వినరు. జనవరిలోనే ఆయన్ని ఒక పీరియడ్‌కి పిలవండి. 6-సి పీరియడ్‌కే పిలవండి.

అఫిలియేషన్_ఫైల్
"కాగితం మీద ఉంచుతాం" అన్నారన్నది చదివాక నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా పాప స్కూల్ పీటీఎం ఈ శనివారం. బీరువా తెరవమని అడగబోతున్నాను. పాత_లైబ్రేరియన్ గారూ, ఆ 215వ రూల్ పేజీ ఇక్కడ పెట్టగలరా? వాళ్ల లైబ్రేరియన్ మేడంకి ఇస్తాను, ప్రిన్సిపాల్‌కి ఒక కాపీ.

పాత_లైబ్రేరియన్
రాత్రికి పెడతానమ్మా. ముందు లైబ్రేరియన్‌కి ఇవ్వండి, ఆవిడతో మాట్లాడాకే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి. లేకపోతే ఆవిడ మీద కంప్లయింట్ అనుకుంటారు.

లెక్కల_మాస్టారు
21 మంది అంటే మా వాళ్లకంటే ఎక్కువే. బీరువా_తాళాలు మేడం, మా లైబ్రేరియన్ వాడే పొడుపుకథలు 40 దాకా రాసి పెట్టుకున్నారు, అడిగి ఫొటోలు తీసి పంపుతాను. 8-బి తో మొదలుపెట్టండి, కానీ మొదటి వారమే లెక్కల మాట ఎత్తకండి, పారిపోతారు.